తీగ వెనుక లెక్క

రెండు ఊళ్లను కలుపు తీగను చూచినవారు దానిని మోయుచున్న స్తంభములను చూతురు. గోతులు త్రవ్విన కూలివారి శ్రమను తలంతురు. ఆ తీగ ఆ దారినే యేల పోయినది, ప్రక్కదారిని ఏల పోలేదు, ఒక్క తీగయే యేల వేసిరి, నాలుగు ఏల వేయలేదు అని ఆలోచించువారు అరుదు. స్తంభము కంటికి కనబడును. దాని వెనుకనున్న లెక్క కనబడదు. కాని స్తంభము పాతుటకు ముందే ఎవరో యొకరు కాగితముమీద ఆ లెక్క చేసియుందురు. అది సరిగా కుదిరినచో కొద్ది ధనముతో వేలమందికి మాట అందును. కుదరనిచో ధనము వ్యర్థమగును. లేదా అవసరమైన సమయమున మాట అందకపోవును.

నేను తెలుగు చెప్పుకొని బ్రదికినవాడను. పద్యపాదములో గురులఘువులను లెక్కించుటయే నాకు అలవాటైన గణితము. అయినను ఈ తీగల లెక్కపై నాకు ఆసక్తి కలుగుటకు ఒక కారణము కలదు.

1983వ సంవత్సరమున నేను ఒక పల్లెలో క్రొత్తగా ఉద్యోగమున చేరితిని. చేతిలో ఫోను పట్టుకొని తిరుగుట ఆ దినములలో ఎవరును ఎరుగరు. దూరపు ఊరివారితో మాటలాడవలెనన్న తపాలా కార్యాలయమునకు పోయి, 'ట్రంకు కాలు' వ్రాయించుకొని, లైను దొరకువరకు కూర్చుండవలెను. ఒకనాటి ఉదయమున మా నాయనగారికి గుండెనొప్పి వచ్చినదని బస్సులో వచ్చిన బంధువొకడు నాకు చెప్పెను. తొమ్మిది గంటలకే తపాలా కార్యాలయమునకు పరుగెత్తితిని. అచ్చట అప్పటికే ఆరుగురు బల్లపై కూర్చుండియుండిరి. ధాన్యపు వర్తకుడొకడు, కాన్పుకు వచ్చిన కూతురి సంగతి అల్లునికి చెప్పగోరిన తండ్రి యొకడు, సికింద్రాబాదులో పనిచేయు కొడుకుతో ఒక్కమాట చెప్పవలెనని వచ్చిన ముసలమ్మ యొకతె వారిలో నుండిరి.

"లైను ఖాళీ లేదు మాస్టారూ, కూర్చోండి" అని పోస్టుమాస్టరుగారు చెప్పుచునే యుండిరి. మధ్యాహ్నమైనది, సాయంకాలమైనది. తన ఊరికి పోవు చివరి బస్సు వచ్చుటతో ఆ ముసలమ్మ కొడుకుతో మాటలాడకయే లేచిపోయెను. రాత్రి ఎనిమిది గంటలకు నాకు లైను దొరకెను. "నాకు నెమ్మదించింది, బడి మానుకొని రావద్దు" అని నాయనగారే స్వయముగా చెప్పిరి. పదునొకండు గంటలు నిరీక్షించి, అర నిమిషము మాటలాడితిని.

లేచి వచ్చుచు పోస్టుమాస్టరుగారిని అడిగితిని: "ఇంతమందికి ఈ లైను చాలునని ఎవరు చెప్పారండీ?" ఆయన నవ్వి, "పైవాళ్లు లెక్కకట్టే వేస్తారు మాస్టారూ" అనిరి. 'లెక్కకట్టి' అను మాట నా మనస్సున నాటుకొనెను. మాటలను, మనుష్యుల తొందరను, రోగిని చూడగోరు కొడుకు ఆత్రమును లెక్కకట్టుట సాధ్యమా? మరునాడు మా పాఠశాలలోని లెక్కల మాస్టారిని అడిగితిని. ఆయన చెప్పిన సంగతులును, పిదప నేను చదివి తెలిసికొన్న సంగతులును మీకు చెప్పెదను.

ఈ లెక్కకు మూలపురుషుడు డెన్మార్కు దేశీయుడు. ఆయన పేరు ఆగ్నర్ క్రారుప్ ఎర్లాంగ్. 1878లో జట్లండు ప్రాంతమునందలి ఒక పల్లెలో జన్మించెను. తండ్రి గ్రామ పాఠశాలలో ఉపాధ్యాయుడు. ఎర్లాంగ్ కోపెన్‌హేగన్ విశ్వవిద్యాలయమున గణితము చదివి, కొన్ని సంవత్సరములు తానును బడిపంతులుగా పనిచేసి, 1908లో కోపెన్‌హేగన్ టెలిఫోను కంపెనీలో చేరెను. ఆ కంపెనీలో ఆయన పని గది నాలుగు గోడలకే పరిమితము కాలేదు. నేలలో పాతిన తీగలలోని విద్యుత్తును కొలుచుటకు నగర వీథులలోని గోతులలోనికి దిగెడివాడు. నిచ్చెన మోయు పనివాడొకడు వెంట నడచెడివాడు. 1909లో టెలిఫోను సంభాషణలను గూర్చి ఒక వ్యాసమును, 1917లో తన ప్రసిద్ధ సూత్రములను ప్రకటించెను. 1929లో, ఏబదియొకటవ యేట మరణించెను.

ఎర్లాంగ్ గ్రహించినది ఇది. ఏ మనుష్యుడు ఏ నిమిషమున ఫోను ఎత్తునో ఎవరును చెప్పలేరు. కాని వేయిమంది మనుష్యులు కలిసి గంటకు ఎన్నిమారులు ఎత్తుదురో చాలవరకు చెప్పవచ్చును. ఒక్క చినుకు ఎక్కడ పడునో తెలియదు. ఏటి వాన ఎంతయో రైతు అంచనా వేయగలడు. అట్టిదే ఇదియును.

ఒక ఉదాహరణము చూడుడు. ఒక పల్లెనుండి పట్టణమునకు గంటకు సగటున 60 పిలుపులు వచ్చుననుకొందము. ఒక్కొక్క సంభాషణ సగటున 2 నిమిషములు. మొత్తము 120 నిమిషముల మాట. ఒక లైను గంటలో 60 నిమిషములు పనిచేయును గనుక రెండు లైన్లు చాలునని తోచును. అందరును ఒకరి తరువాత ఒకరు వరుస తప్పక వచ్చినచో నిజముగనే చాలును. కాని మనుష్యులు అట్లు రారు. ఒక్కొక్కప్పుడు పది నిమిషములు ఎవరును రారు. పిదప ఒక్కమారే ఐదుగురు వత్తురు. లైను దొరకనివాడు నిలువక తిరిగిపోవుననుకొని ఎర్లాంగ్ సూత్రముతో లెక్కించినచో, రెండు లైన్లున్నప్పుడు నూటికి 40 మంది నిరాశతో మరలిపోవుదురు. మూడు లైన్లున్నచో నూటికి 21 మంది, నాలుగున్నచో సుమారు 10 మంది, ఐదున్నచో సుమారు నలుగురు, ఆరున్నచో ఒక్కరు. నిలిచి వేచియుండువారిని గూర్చి ఆయన వేరొక సూత్రమును చెప్పెను.

ఈ అంకెలను జాగ్రత్తగా పరిశీలింపుడు. మూడవ లైను వేసినచో నూటికి 19 మందికి మేలు కలిగినది. ఆరవ లైను వేసినచో ముగ్గురికి కూడ పూర్తిగా కలుగలేదు. రెండు లైన్లకును వెల ఒక్కటియే. కావున ఎచ్చటనో ఒకచోట 'ఇక చాలును' అని ఆగవలసియుండును. ఎచ్చట ఆగవలెనన్నది సూత్రము చెప్పదు. నూటికి నలుగురు మరలిపోయినను ఫరవాలేదని నిర్ణయించువాడు మనుష్యుడే. ఆ నలుగురు అంకెలు కారు. ఆనాడు బస్సెక్కి వెళ్లిపోయిన ముసలమ్మ అట్టివారిలో ఒకతె.

అదే సూత్రము మరియొక వింతను చూపును. పైన చెప్పిన పల్లెవంటివి రెండున్నవనుకొందము. ఒక్కొక్కదానికి ఐదేసి లైన్ల చొప్పున వేరువేరుగా పది లైన్లు వేసితిమి. ఒక పల్లెవారి లైన్లు ఖాళీగానున్నను రెండవ పల్లెవారు వానిని వాడుకొనలేరు. అట్లు గాక రెండు పల్లెల పిలుపులను ఒకచోట చేర్చి, అచ్చటినుండి ఉమ్మడిగా ఎనిమిది లైన్లు వేసినచో నూటికి ముగ్గురే మరలిపోవుదురు. పది వేరు లైన్లకన్న ఎనిమిది ఉమ్మడి లైన్లు మేలైనవి! ఊరుమ్మడి చెరువునకును, ఎవరికివారు త్రవ్వుకొన్న గుంటలకును గల భేదము మన పెద్దలకు తెలియును. దానినే డెన్మార్కు పంతులు గణితమున నిరూపించెను. టెలిఫోనులో సాగు మాటల రద్దీని కొలుచు ప్రమాణమునకు నేడు 'ఎర్లాంగ్' అనియే పేరు.

ఎన్ని తీగలన్న ప్రశ్న ఇట్లు తేలినది. ఇక ఏ దారిని వేయవలెనన్న ప్రశ్న మిగిలినది.

ఐదు ఊళ్లున్నవనుకొందము. వానికి క, చ, ట, త, ప అని పేర్లు పెట్టుదము. క నుండి చ 4 కిలోమీటర్లు, ట 7, త 12, ప 14. చ నుండి ట 5, త 9, ప 12. ట నుండి త 6, ప 8. త నుండి ప 3. ఏ ఊరివారైనను ఏ ఊరివారితోనైనను మాటలాడగలుగునట్లు, మిక్కిలి తక్కువ తీగతో వీనిని కలుపవలెను. క యే పెద్ద ఊరు గదా యని అచ్చటినుండి నాలుగు ఊళ్లకును నేరుగా తీగలు లాగినచో 37 కిలోమీటర్ల తీగ కావలెను. ఇంతకన్న తక్కువలో సాధ్యము కాదా?

ఒక్క తీగయు అనవసరముగా వేయక ఐదు ఊళ్లను కలుపుటకు 125 విధములున్నవి. పది ఊళ్లున్నచో ఆ విధములు పది కోట్లు. వీనిని లెక్కించు సూత్రమును ఆర్థర్ కేలీ అను ఆంగ్ల గణితజ్ఞుడు 1889లో వివరించెను. అన్నిటిని వ్రాసి, కూడి, పోల్చి చూచుటకు మనుష్యుని ఆయుష్షు చాలదు. కాని ఒక సులభోపాయము కలదు. 1926లో, నేటి చెక్ దేశమునందలి మొరావియా ప్రాంతమున ఊళ్లకు విద్యుత్తీగలను తక్కువ వ్యయముతో వేయుటెట్లన్న ప్రశ్నకు ఒటకార్ బొరూవ్కా అను గణితజ్ఞుడు సమాధానమును కనుగొనెను. దానిని మరింత సులభముచేసి 1930లో యార్నీక్ అను మరియొక చెక్ పండితుడు చెప్పెను. అదే పద్ధతిని అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో పనిచేయుచుండిన రాబర్ట్ ప్రిమ్ స్వతంత్రముగా కనుగొని, 1957లో ప్రకటించెను.

ఆ పద్ధతిని ఎనిమిదవ తరగతి బాలుడు చేయగలడు. ఏదో ఒక ఊరినుండి ఆరంభింపుము. ఇంతవరకు కలిసిన ఊళ్లకును, కలియని ఊళ్లకును నడుమనున్న తీగలలో మిక్కిలి పొట్టిదానిని చేర్చుము. మరల అట్లే చేయుము. అంతియే. క నుండి ఆరంభించినచో మొదట 4తో చ కలియును; పిదప 5తో ట; పిదప 6తో త; కడపట 3తో ప. మొత్తము 18 కిలోమీటర్లు. 37లో సగముకన్న తక్కువ!

ఇదియే అన్నిటికన్న తక్కువయని నమ్ముట యెట్లు? కలిసిన ఊళ్లు ఒక ఒడ్డున, కలియనివి ఒక ఒడ్డున నున్నవనుకొనుడు. ఏదో ఒక తీగ ఏరు దాటకతప్పదు. ఎవరైనను పొట్టి తీగను వదలి పొడుగు తీగతో దాటినచో, ఆ పొడుగు తీగను తీసి పొట్టిదానిని వేసినను ఊళ్లన్నియు కలిసియే యుండును, వ్యయము తగ్గును. కావున ప్రతి అడుగునను పొట్టిదానిని ఎన్నుకొనుటలో నష్టము లేదు. ఇంత చిన్న ఆలోచనతో పది కోట్ల విధములను చూడకుండనే అందులో ఉత్తమమైనదానిని పట్టుకొనవచ్చును. గణితమున నాకు మిక్కిలి నచ్చినది ఇట్టి సందర్భమే. భుజబలముతో కానిది యుక్తితో అగును.

అయినను ఆ 18 కిలోమీటర్ల అల్లికను మరల ఒకమారు చూడుడు. ట కును త కును నడుమనున్న తీగ తెగినదనుకొనుడు. త, ప అను రెండు ఊళ్లు తక్కిన లోకమునుండి విడిపోవును. ఆ తీగ అనియే కాదు; ఏ తీగ తెగినను ఎవరో ఒకరు ఒంటరివారగుదురు. అత్యల్ప వ్యయము కోరి అదనపు తీగ ఒక్కటియు లేకుండ చేసికొంటిమి గదా! పొదుపు ఎంత సంపూర్ణమైనదో ప్రమాదము అంత సమీపమైనది.

ఇది ఊహామాత్రము కాదు. 1977 నవంబరు 19వ తేదీన కృష్ణానది సముద్రములో కలియు దివిసీమపై తుపాను విరుచుకొనిపడినది. సముద్రపు ఉప్పెన ఊళ్లమీదికి వచ్చి వేలకొలది జనులను పొట్టనపెట్టుకొన్నది. స్తంభములు కూలినవి, తీగలు తెగినవి, రోడ్లు నీట మునిగినవి. అచ్చటివారి గోడు వెంటనే బయటికి చెప్పుటకు దారి లేకపోయినది. అప్పుడు నేను విద్యార్థిని. రక్షించువారు ఎచ్చటికి పోవలెనో తెలియుటకే మాట అందవలెను. మాట అందని ప్రతి గంటకును ప్రాణములతో వెల చెల్లింపవలసివచ్చును. తీగ మిక్కిలి అవసరమగు దినమే అది తెగుటకు మిక్కిలి అవకాశమున్న దినము. ఈ సత్యమును మరచి చేసిన పొదుపు పొదుపు కాదు.

కావున ప్రశ్నను మార్చి అడుగుదము. ఏ ఒక్క తీగ తెగినను ఐదు ఊళ్లును కలిసియే యుండవలెను. అట్టి అల్లికలలో తక్కువ వ్యయమైనది ఏది? ఊళ్లను చుట్టివచ్చు ఒక వలయము వేసినచో ఈ కోరిక తీరును. ఒకచోట తెగినను మాట రెండవ వైపునుండి తిరిగి వచ్చును. మునుపటివలెనే ప్రతిమారును దగ్గరి ఊరికి పోవుచు వలయమును కట్టుదము: క, చ, ట, త, ప, మరల క. మొత్తము 4, 5, 6, 3, 14. అనగా 32 కిలోమీటర్లు. ఇదియే తక్కువదా? కాదు. క, చ, త, ప, ట, మరల క అను వరుసను చూడుడు: 4, 9, 3, 8, 7, అనగా 31. దీనిలో చ-ట, ట-త అను పొట్టి తీగలు రెండును లేవు! వానిని వదలినందువలననే మొత్తము తగ్గినది. ఊళ్లు కలుపునప్పుడు ఏ అడుగున చూచిన మేలు ఆ అడుగున నిలిచినది. వలయము కట్టునప్పుడు మొదటి అడుగులలో కూడబెట్టినది కడపటి అడుగున పోయినది. ప్రశ్నలో చిన్న మార్పు. సమాధానపు స్వభావమే మారిపోయినది.

ఐదు ఊళ్లకు వలయములు 12 మాత్రమే; కూర్చుండి అన్నిటిని చూడవచ్చును. పది ఊళ్లకు 1,81,440. ఊళ్లు పెరిగినకొలది ఈ సంఖ్య ఊహకందదు. అన్ని సందర్భములలోను త్వరితముగా ఉత్తమ వలయమును చూపు సులభోపాయము నేటివరకును ఎవరికిని దొరకలేదు. కాని గణితజ్ఞులు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. 1947లో అమెరికా దేశీయుడైన జార్జి డాంట్జిగ్ అనేక నిబంధనలకు లోబడి వ్యయమును తగ్గించు ఒక గొప్ప పద్ధతిని కనుగొనెను. 1984లో బెల్ ప్రయోగశాలలలో పనిచేయుచుండిన మన భారతీయుడు నరేంద్ర కర్మార్కర్ అట్టి లెక్కలకే మరియొక క్రొత్త మార్గమును చూపెను. ఆయన గ్వాలియరులో జన్మించి, బొంబాయి ఐఐటిలో చదివినవాడు. ఇట్టి పద్ధతులవలన వేలకొలది తీగలున్న అల్లికలను సయితము లెక్కింప వీలైనది.

తీగలు వేసిన పిదపకూడ లెక్క ముగియదు. ఒక మాట హైదరాబాదునుండి అమెరికాకు పోవలెనన్న ఏ దారిని పోవలెను? నెదర్లాండ్సు దేశీయుడైన ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1956లో ఆంస్టర్‌డాం నగరపు కాఫీ హోటలులో కూర్చుండి, కాగితము కలము లేకయే, సుమారు ఇరువది నిమిషములలో అతి దగ్గరి దారిని కనుగొను పద్ధతిని ఆలోచించెను. 1959లో దానిని ప్రకటించెను. నేటి ఇంటర్నెట్టులో దారులు చూపు యంత్రములు అనేకము ఆ పద్ధతినే వాడుచున్నవి. ఒక తీగ తెగినచో అవి వెంటనే మరల లెక్కించి, వేరొక దారిని ఎన్నుకొనును. అయితే వేరొక దారి మొదటనే వేసియున్నప్పుడే గదా అవి ఎన్నుకొనగలవు!

మన దేశముననే ఇందుకు దృష్టాంతము కలదు. దేశములోని సుమారు రెండున్నర లక్షల గ్రామ పంచాయతీలకు గాజుపోగుల తీగతో ఇంటర్నెట్టు అందింపవలెనని కేంద్ర ప్రభుత్వము 2011లో ఒక పథకమును ఆమోదించినది. దానికే పిదప భారత్‌నెట్ అని పేరు వచ్చినది. మొదట బ్లాకు కేంద్రమునుండి పంచాయతీలకు కొమ్మలు సాగినట్లు తీగను సాగదీసిరి. రోడ్డు త్రవ్వువాని గునపము ఒక్కచోట తగిలినచో దాని ఆవలనున్న పంచాయతీలు మూగబోవును. 2023లో పథకమును సవరించునప్పుడు బ్లాకునుండి పంచాయతీలను వలయములుగా కలుపవలెనని నిర్ణయించిరి. మనము ఐదు ఊళ్లతో కాగితముపై చేసిన లెక్కయే ఇది. 18 కిలోమీటర్లా, 31 కిలోమీటర్లా అన్న ప్రశ్న ఒక దేశము ఎదుట నిలిచినది.

బాలబాలికలారా! ఈ 13 కిలోమీటర్ల భేదమును గూర్చి కొంచెము ఆలోచింపుడు. తుపాను రాని సంవత్సరమున ఆ 13 కిలోమీటర్ల తీగ వృథాగా పడియున్నట్లు కనబడును. లెక్కలు తనిఖీ చేయువాడు దానిని దుబారా యనవచ్చును. తుపాను వచ్చిన రాత్రి దానికి వెలకట్టువాడు ఉండడు. ఈ రెండు దినములను ఒకే త్రాసులో తూచుట గణితజ్ఞుని పని. కాని ఆ త్రాసులో దేనిని వేయవలెనో, దేనికి ఎంత బరువు ఇవ్వవలెనో చెప్పవలసినది మనము. తీగ వెల మాత్రమే వేసినచో గణితము 18 అని చెప్పును; అది నిజమే. ప్రతి ఊరు ఎల్లప్పుడు కలిసియుండవలెనని కూడ వేసినచో 31 అని చెప్పును, అదియు నిజమే. గణితము అబద్ధమాడదు, అడిగినదానికే సమాధానము చెప్పును. ఏమి అడుగవలెనన్నది మన ధర్మము.

కొండకొసను నలువది ఇండ్ల గూడెమొకటి యున్నదనుకొనుడు. అచ్చటికి స్తంభము వేయుటకు వ్యయము మెండు, మాటలాడువారు కొలదిమంది. రాబడినే చూచు లెక్కలో ఆ గూడెము ఎన్నటికిని చేరదు. 'ఏ పల్లెయు మిగిలిపోరాదు' అను నిబంధనను మొదటి పంక్తిలో వ్రాసికొని లెక్క ఆరంభించినచో, దానిని తక్కువ వ్యయముతో చేర్చు దారిని అదే గణితము వెదకి చూపును. కరుణ గలవానికి గణితము రానిచో అతని కోరిక కోరికగనే నిలిచిపోవును. గణితము వచ్చినవానికి కరుణ లేనిచో అతని లెక్కలో గూడెము కనబడదు. ఈ రెండును ఒక్కచోట చేరవలెను.

మీ మండలపు పటమును ఒకదానిని సంపాదింపుడు. మీ చుట్టునున్న ఏడెనిమిది ఊళ్లను గుర్తించి, వాని నడుమ దూరములను వ్రాసికొనుడు. మొదట మిక్కిలి తక్కువ తీగతో అన్నిటిని కలుపుడు. పిదప ఏ ఒక్క తీగ తెగినను ఎవరును విడిపోకుండునట్లు కలుపుడు. రెండు మొత్తములను ప్రక్కప్రక్కన వ్రాసి, ఆ భేదమును మీ మిత్రులతో చర్చింపుడు. ఆ భేదమును భరింపవచ్చునా, కూడదా, భరించినచో ఏ ఊరికి మేలు కలుగును అని వాదింపుడు. ఆ చర్చ చేయునప్పుడు మీ వ్రేలు పటముమీద ఏ చుక్కపై నున్నదో ఆ చుక్కలో మనుష్యులున్నారని మాత్రము మరువకుడు.